చుంచు రైలు

డైరెక్టరు ఆ టోపీని రెండు చేతులతో అందించాడు, సన్మానం చేస్తున్నట్టు. నీలం గుడ్డ, ముందు నల్లటి అంచు. దానితోపాటు ఒక ఈల, ఒక పచ్చజెండా. జెండా అరచేతికంటే కాస్త పెద్దది, అంతే.

“ఇవి నీకేనమ్మా. ఇకనుంచి గార్డువి నువ్వే,” అన్నాడు.

ఆమె ముందు పళ్ళెం నిండా పిండిపురుగులున్నాయి. బతికున్నవాటిని ఒక పక్కకి, నల్లబడి కుళ్ళినవాటిని ఒక పక్కకి ఏరుతోంది. ఆమె టోపీని చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ పురుగుల్ని చూసింది. ఆ మూడింటిలో పురుగులే నయమనిపించింది.

జూలో పనివాళ్ళు ఆమెను అగ్గిపుల్ల అంటారు. మనిషి సన్నం, గీస్తే భగ్గుమంటుంది. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదుగాని, ఆ పేరు తనకుందని ఆమెకు తెలుసు. లోలోపల కాస్త ఇష్టం కూడా. చిన్నప్రాణుల గది ఆమెది. కప్పలు, తొండలు, ఒక ముసలి ముళ్ళపంది, గోడవార చివరి చెక్కపెట్టెలో ఒక చుంచు తల్లి, దాని ఐదు పిల్లలు. పాత కట్టెల గుట్ట తీసేస్తుంటే దొరికింది ఆ తల్లి, నిండు కడుపుతో. ఎలుకనుకుని పార ఎత్తారు పనివాళ్ళు. అగ్గిపుల్ల అరుచుకుంటూ పరుగెత్తి, దాన్ని బకెట్లో వేసుకొచ్చింది.

చుంచు ఎలుక కాదు. ఎలుక గింజలు కొరుకుతుంది, ఇది పురుగుల్ని తింటుంది. ఎలుక ఒక మూల నక్కి గంటలు గంటలు కూర్చోగలదు, ఇది కూర్చోలేదు. పొడుగాటి ముక్కును అటూ ఇటూ ఆడిస్తూ, ఆవగింజంత కళ్ళతో దాదాపు ఏమీ చూడకుండా, వాసన పట్టుకునే బతుకంతా వెతుక్కుంటుంది. చేతిలోకి తీసుకుంటే గుండె కొట్టుకోవడం తెలియదు. అంత వేగం. సన్నటి వణుకు ఒకటే తెలుస్తుంది. ఆ వేగానికి తగ్గ ఆకలి. పూట తప్పితే మనకు నీరసం వస్తుంది, దానికి ప్రాణం పోతుంది. అందుకే పగలంతా ఆమె తిరుగుతూ తిరుగుతూ ఆ పెట్టెలో పురుగులు వేస్తూనే ఉంటుంది, పొద్దుపోయాక కాపలా మనిషి వచ్చి ఇంకో డబ్బా బోర్లించి పోతాడు. దాని ఒంటి కంపు సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లి దాన్ని చంపుతుందేగాని నోట పెట్టదు.

గొడవంతా గూడు శుభ్రం చేసిన రోజు మొదలైంది. పాత గడ్డి తీద్దామని పైచెక్క లేపగానే తల్లి బయటికి ఉరికింది. దాని తోక మొదట్లో బొచ్చును ఒక పిల్ల కరిచి పట్టుకుంది. ఆ పిల్లను ఇంకో పిల్ల, దాన్ని మరొకటి. కళ్ళు తెరవని ఐదూ ఒకదాన్నొకటి పట్టుకుని, తల్లి వెనకాలే ఒక్క తాడులాగా గోడ వెంబడి పరుగు తీశాయి. టికెట్లిచ్చే కుర్రాడు, ఆమె తమ్ముడూ అని పిలిచేవాడు, అప్పుడే టీ పట్టుకొచ్చాడు. టీ కింద పెట్టి ఫోను తీశాడు. సాయంత్రానికల్లా ఊరంతా చూసింది. ‘చుంచు రైలు’ అని పేరు కూడా ఊరే పెట్టింది.

“సార్,” అంది ఆమె, చేతులు దులుపుకుంటూ. “అది ఆట కాదండి. గూడు పోయిందని పారిపోవడం. గూడు కదిలిస్తేనే అలా పట్టుకుంటాయి. లేకపోతే పట్టుకోవు.”

“తెలుసమ్మా.”

“తెలుసా?”

“నేనూ చదువుకున్నవాణ్ణే కదా. అందుకే వడ్రంగితో గూటికి హ్యాండిలు పెట్టిస్తున్నాను. నువ్వు గడ్డి పీకనక్కర్లేదు, ఏం చెయ్యక్కర్లేదు. ఇలా పట్టుకుని అలా ఎత్తేయడమే,” అన్నాడు డైరెక్టరు ఎంతో దయగా.

తెలియక చేస్తున్నాడేమో, చెబితే మానేస్తాడేమో అని ఆమె పొద్దున్నుంచీ మాటలు కూడబెట్టుకుంది. తెలిసే చేస్తున్నవాడికి ఆ మాటలు పనికిరావు. ఆమె టోపీ అందుకుంది.

మర్నాటికి గది మధ్యలో పొడుగాటి బల్ల వచ్చింది. చుట్టూ అద్దం. ఒక కొసన చుంచుల పెట్టె, రెండో కొసన బొమ్మ స్టేషను. దానికి ఎర్రగా రంగేసిన పైకప్పు, పేరు రాసిన పలక, పక్కన చిన్న సిగ్నలు కూడా పెట్టాడు వడ్రంగి, పాపం ఎంతో ముచ్చటపడి. ఆ స్టేషనులోకి దూరడానికి దారి లేదు. తలుపులు ఉత్త రంగుతో వేసినవే. తల్లి చుంచు అంతదూరం పరుగెత్తి వచ్చి, ఆ తలుపుకు ముక్కు గుద్దుకుని, మళ్ళీ వెనక్కి పరుగెత్తాలి.

ఆమె టోపీ పెట్టుకుంది. ఈల ఊదింది. పచ్చజెండా ఊపింది. హ్యాండిలు పట్టుకుని గూటి కప్పు పైకెత్తింది.

కప్పుతోపాటు గడ్డి కూడా సగం లేచిపోయింది. గడ్డిలో ముద్దగా పడుకున్న పిల్లలు ఒక్కసారిగా వెలుతురులో పడి కెవ్వుమన్నాయి. ఆ కేక మన చెవికి సరిగా ఆనదు, దగ్గరగా ఉన్నవాళ్ళకు కిచకిచమన్నట్టు ఉంటుంది. తల్లి ఒక పిల్లనుంచి ఇంకో పిల్లకు తిరిగి, ముక్కుతో తడిమి, వెనక్కి తిరిగి నిలబడింది. పట్టుకోమని. అవి పట్టుకున్నాయి. రైలు కదిలింది. పిల్లలు, పెద్దలు, అందరూ చప్పట్లు. కొందరు నోటితో కూత పెట్టారు. స్టేషను దగ్గర తల్లి ముక్కు తలుపుకు కొట్టుకున్నప్పుడు అందరూ “అయ్యో” అని నవ్వారు.

పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ప్రతి ఆట తర్వాత ఆమె కప్పు దించి, చెల్లాచెదురైన గడ్డి సర్ది, పురుగులు వేసేది. మొదటి రోజు తల్లి వెంటనే తింది. రెండోరోజు పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని పెట్టెలో ఈ మూలనుంచి ఆ మూలకు మార్చింది. మార్చి, మళ్ళీ ఈ మూలకు తెచ్చింది. పెట్టెలో ఎక్కడ పెట్టినా కప్పు అదే కదా. తిండి పక్కనే ఉన్నా ముట్టకుండా మారుస్తూనే ఉంది. అగ్గిపుల్ల పెట్టెకున్న చిన్న కంతలోంచి, అది అటూ ఇటూ పోవడం మాత్రం చూస్తూ పళ్ళు నూరుకుంది.

ఇంటికొచ్చేసరికి వీధి గుమ్మంలోనే అత్తయ్య పట్టుకుంది. వాళ్ళది మేడ మీద రెండు గదుల వాటా. కింద దర్జీ కొట్టు. అత్తయ్య పగలంతా ఆ కొట్టు ముందు కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ ఫోనులో రైలు చూపిస్తూ ఉంటుంది. చివర్లో కనబడే చెయ్యి తన కోడలిదని చెప్పందే ఎవర్నీ కదలనివ్వదు.

“ఏమే అమ్మాయ్, టోపీ పెట్టుకున్నావా ఇవాళ?”

“పెట్టుకున్నా.”

“జనం బాగా వచ్చారా?”

“వచ్చారు.”

“ఏం చేశారు చూసి?”

“చప్పట్లు కొట్టారు,” అంది కోడలు. లోపలికి పోయి గిన్నెను పొయ్యి మీద పెట్టిన చప్పుడుకి కింద దర్జీ మిషను ఆపి పైకి చూశాడు.

ఆమె మొగుడు బస్సుల డిపోలో టైర్లు మారుస్తాడు. గోళ్ళలో నలుపు ఎంత కడిగినా పోదు. సబ్బుతో తోముకుంటూనే అన్నాడు, “ఎవరిమీద కోపమో గిన్నె మీద చూపిస్తావెందుకు?”

“గిన్నె మీదే కోపం.”

“ఎలుకలకోసం ఇంత గొడవా?”

“ఎలుక కాదు.”

“సరే, చుంచు. తల్లీ పిల్లలూ కాస్త అటూ ఇటూ పరుగెత్తినంత మాత్రాన ఏమవుతుంది?”

ఏమవుతుందో ఆమె చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుందని భయం. ఏడుపంటే ఆమెకు మంట. చెప్పకుండానే వీళ్ళకు తెలియాలని ఒక మొండితనం కూడా ఉంది లోపల. ముసలావిడ ఆ రోజు ఆట వీడియో ఎవరో పంపితే పెట్టింది. పక్క గదిలోంచి జనం కేరింతలు వినబడుతుంటే అగ్గిపుల్ల రెండు చెవులూ మూసుకుంది.

“ఆదివారం మన వీధివాళ్ళందర్నీ తీసుకొస్తానే,” అని కేక వేసింది అత్తయ్య.

జూకి ఒక డాక్టరున్నాడు. మంచివాడు. మంచివాడన్న మాట తప్ప ఆయన గురించి ఇంకేం చెప్పడానికి ఎవరికీ తోచదు. ఆమె ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చినంత పని చేసి, ఆట అవగానే కప్పు దించకముందే పెట్టె ముందు నిలబెట్టింది.

“బొచ్చు చూడండి, ఎలా చిట్లిపోయిందో. నిన్నటి పురుగులు సగానికి సగం అలాగే ఉన్నాయి. పిల్లల పొట్టలు చూడండి. మొన్నటిదాకా చర్మంలోంచి పాలు తెల్లగా కనబడేవి.”

డాక్టరు వంగి చూశాడు. అద్దం మీద ఆయన ఊపిరి ఆవిరి కట్టింది. “పాలు తగ్గిపోతున్నాయమ్మా. తల్లి సరిగా తినడంలేదు కాబట్టి. ఇంకొన్నాళ్ళు కదపకుండా వదిలేస్తే కళ్ళు తెరుచుకుంటాయి, సొంతంగా పురుగులు పట్టుకుంటాయి. అప్పుడిక తల్లి తోక అక్కర్లేదు. రైలు దానంతటదే ఆగిపోతుంది.”

“ఆ మాటే సారుకి చెప్పండి.”

“చెప్పాను.”

“ఏమన్నారు?”

“అయితే ఆగిపోయేలోపలే ఎక్కువ ఆటలు వెయ్యాలన్నారు,” అని డాక్టరు కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. “ఆయన నన్ను అడిగితే ఆటలు ఆపమని రాసిస్తాను. అడగకుండా రాయలేను కదా. నువ్వే అడిగించు.”

నేను అడిగించాలిట! ఆమె ఒళ్ళు భగ్గుమంది. ఈయన చదువు, ఈయన తెల్లకోటు, ఈయన మెడలో వేలాడే గొట్టం, అన్నీ ఉండి ఆపమనడానికి నోరు రాలేదు. “మీరు వెళ్ళండి డాక్టరుగారూ, మీకు పనులుంటాయి,” అంది. ఆయన నిజంగానే ఆ మాట పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి ఆటలు పెంచారు. అవి ఎన్నో ఆమె లెక్క పెట్టడం మానేసింది. ఈల ఊదీ ఊదీ పెదవి పగిలింది.

ఒక సాయంత్రం ఆటలో రైలు బల్ల మధ్యకు వచ్చేసరికి చివరి పిల్ల పట్టు జారింది. ముందున్నదాన్ని పట్టుకునే ఓపిక దాని దవడలకు లేకపోయింది. తల్లికి తెలియలేదు. రైలు పోయింది. పిల్ల అక్కడే గుండ్రంగా తిరుగుతూ, గాలిలో నోరు తెరిచి మూస్తూ, దొరకని బొచ్చు కోసం వెతికింది.

“చివరి పెట్టె ఊడిపోయిందిరోయ్!” అని ఎవరో అరిచారు. గదంతా ఒకటే నవ్వు. ఒకాయన తన పిల్లవాణ్ణి భుజాల మీదికెత్తి మరీ చూపించాడు.

ఆమె అద్దం మీదినుంచి చెయ్యి చాపి దాన్ని తీసింది. అరచేతిలో పెట్టుకుని, పైన ఇంకో చెయ్యి మూసి, గోడవైపు తిరిగి నిలబడింది. తెల్లటి పురుగును నలిపి రసం దాని నోటికి రాసింది. అది నాకలేదు. కాసేపటికి ఆ సన్నటి వణుకు ఆగిపోయింది. వెనక జనం ఇంకా ఉన్నారు, అయిపోయిందా అని అడుగుతున్నారు.

అలాగే అరచేతిలో పెట్టుకుని డైరెక్టరు గదికి పోయింది. తలుపు తట్టలేదు. ఆయన బల్ల మీద, టీ కప్పు పక్కన పెట్టింది.

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. నిజంగానే బాధపడ్డాడు, ఆ మాట కాదనలేం. “అయ్యయ్యో,” అన్నాడు. తర్వాత, “ఇంకా నాలుగున్నాయి కదా?” అన్నాడు.

“నాలుగున్నాయి.”

“నాలుగు పెట్టెలున్నా రైలు రైలేనమ్మా. ఈ ఆదివారం ఒక్కటి గడవనీ. మన జూకి స్థలమిచ్చిన పెద్దాయన మనవలతో వస్తున్నారు. ఆయనకు నచ్చితే ఈ గదికి కొత్త కప్పు వస్తుంది, నీ కప్పలకు చల్లగా ఉంటుంది. ఎవరికోసం చేస్తున్నానంటావ్ ఇదంతా?”

“నా కప్పలు కొత్త కప్పు అడగలేదు.”

డైరెక్టరు మొహం బిగుసుకుంది. “నీకు కష్టంగా ఉంటే చెప్పు. పక్షుల వైపునుంచి ఎవరినైనా వేస్తాను.”

పక్షుల వైపు మనిషి చెడ్డవాడు కాదు, కాని పొద్దున ఒకసారి గింజలు చల్లి సాయంత్రం దాకా వెనక్కి చూడనివాడు. చుంచుకు ఆ లెక్క చాలదు. తను కాదంటే మిగిలిన నాలుగూ తల్లితో సహా ఒక్కరోజులో పోతాయి. తను ఔనంటే రోజుకొకటి పోతుంది. ఏది చేసినా ఆ చెయ్యి తనదే అవుతుంది. చచ్చినదాన్ని తీసుకుని బయటికొచ్చి, నీళ్ళ ట్యాంకు వెనక వేలితోనే గుంట తీసి పూడ్చింది. దానికి అంతకంటే పెద్ద గుంట అక్కర్లేకపోయింది. పూడ్చి, ఆ మట్టిచేత్తోనే ట్యాంకు గోడను రెండుసార్లు గుద్దింది. చెయ్యి నొప్పెట్టింది తప్ప గోడకు ఏమీ కాలేదు.

ఇంట్లో ఆ సాయంత్రం “ఏమిటే, చేతికి ఆ దెబ్బ?” అని అత్తయ్య అడిగితే, “తలుపు పడింది,” అంది.

ఆదివారం గది కిక్కిరిసిపోయింది. బల్ల ముందు తాడు కట్టి రెండు వరసల కుర్చీలు వేశారు. పెద్దాయన తెల్లబట్టల్లో ముందు వరస నడుమ కూర్చున్నాడు, అటొక మనవడు, ఇటొక మనవరాలు. డైరెక్టరు ఆయన వెనకాల వంగి నిలబడి, మాటమాటకూ నవ్వుతున్నాడు. డాక్టరు తలుపు దగ్గర, ఎప్పుడు కావాలంటే అప్పుడు జారుకోడానికి వీలుగా. రెండో వరసలో అత్తయ్య, వీధిలోని ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని, మంచి బట్టలు కట్టుకుని. పక్కావిడను మోచేత్తో పొడిచి, “అదిగో, టోపీ ఆవిడ. మా కోడలు,” అంది గదంతా వినబడేలా.

అగ్గిపుల్ల ఈల నోట్లో పెట్టుకుంది. పెట్టెలోంచి ఏ చప్పుడూ లేదు. పొద్దున వేసిన పురుగుల్ని తల్లి కడుపునిండా తిన్నట్టుంది, ఇన్నాళ్ళకు. కప్పు కింద నాలుగు పిల్లలూ తల్లి పొట్టకు అతుక్కుని పాలు తాగుతూ ఉండి ఉంటాయి.

ఆమె ఈల తీసేసింది. టోపీ తీసేసింది. రెండూ బొమ్మ స్టేషను మీద పెట్టింది.

“ఇది రైలు కాదు,” అంది. మళ్ళీ గట్టిగా అంది. “ఇది రైలు కాదండీ. ఈ కప్పు ఎత్తితే దానికి ఇల్లు కూలినట్టు. పిల్లల్ని బతికించుకుందామని తల్లి పరుగెత్తుతుంది. తప్పిపోతామని పిల్లలు దాన్ని కరిచి పట్టుకుంటాయి. ఇన్నాళ్ళూ మీరు చప్పట్లు కొట్టింది దానికి. మొన్న చివరిది జారిపోతే మీలో కొందరు నవ్వారు కూడా. అది చచ్చిపోయింది. సారుకి చెప్పాను, డాక్టరుగారికి చెప్పాను, ఇద్దరికీ ముందే తెలుసు. కప్పు ఎత్తింది నేనే, ఈ చేత్తోనే. ఇక ఎత్తను.”

“అయ్యో పాపం,” అంది వెనకనుంచి ఒక గొంతు. ఆమె ఆ గొంతువైపు ఆశగా చూసింది. “మరి ఒక్కసారి చూపించెయ్యండి, ఇంత దూరం వచ్చాం కదా,” అంది అదే గొంతు.

దాంతో అందరికీ నోళ్ళొచ్చాయి. ఒక్కసారికి ఏమవుతుంది, పిల్లలు ఆశపడి వచ్చారు, టికెట్టు కొన్నాం. పెద్దాయన మనవరాలు రైలు కావాలని కాళ్ళు తన్నుకుంటూ ఏడుపు లంకించుకుంది. పెద్దాయన గడియారం చూసుకుని, “కానివ్వండి, కానివ్వండి,” అన్నాడు. ఆమెకు ఆ క్షణాన ఆ గదిలో ఉన్న ప్రతి మనిషినీ కప్పు ఎత్తేసి వెలుతురులో నిలబెట్టాలనిపించింది.

డైరెక్టరు నవ్వు చెదరకుండానే ముందుకొచ్చాడు. “ఆమెకు ఒంట్లో బాగాలేదు సార్. నేను చూపిస్తాను,” అని ఆమెను భుజంతో పక్కకు తోసి హ్యాండిలు మీదికి చెయ్యి చాపాడు.

ఆ హ్యాండిలు మీద అప్పటికే ఇంకో చెయ్యి ఉంది.

అత్తయ్య ఎప్పుడు లేచిందో, తాడు కిందనుంచి ఎలా దూరిందో ఎవరూ చూడలేదు. ముసలావిడ బల్ల పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, రెండు చేతులూ ఆ గూటి కప్పు మీద వేసి, వాటిమీద గడ్డం ఆనించుకుంది.

“అమ్మా, మీరు అక్కడ కూర్చోకూడదు,” అన్నాడు డైరెక్టరు.

“కాస్త కళ్ళు తిరిగాయి బాబూ.”

“బయట కుర్చీ వేయిస్తాను, రండి.”

“కదిలితే ఇంకా తిరుగుతాయి.”

“కాస్త చేతులైనా తీయండమ్మా.”

“చేతులు తీస్తే పడిపోతాను. పడితే నీ పూచీనా?” ముసలావిడ తల ఎత్తలేదు. కాని గొంతులో నీరసమేమీ లేదు. “తల్లి పరుగెత్తుతుంటే నేనూ చప్పట్లు కొట్టాను. వీధి వీధంతా పిలిచి మరీ చూపించాను. ఎంత పాపిష్టి ముండనయ్యా నేను! తెలియక కొట్టాను. నీకు తెలుసుట కదా?”

డైరెక్టరు ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, చుట్టూ చూశాడు. వీధి ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. టికెట్ల తమ్ముడు కిటికీ దగ్గర ఫోను ఎత్తి పట్టుకున్నాడు. డైరెక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మనవరాలి ఏడుపు ఆగేటట్టు లేదు. పెద్దాయన విసుగ్గా లేచి, “ఏనుగును చూద్దాం పదండి,” అన్నాడు. ఆయన వెనక డైరెక్టరు, డైరెక్టరు వెనక డాక్టరు, వాళ్ళ వెనక జనం. గది ఖాళీ అయింది.

ఏనుగు దగ్గరినుంచి తిరిగొచ్చి డైరెక్టరు తాళంచెవి అడిగాడు. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు. “రేపటినుంచి గేటు దగ్గర ఊడువు. ఈ గది పక్షుల వైపు మనిషి చూసుకుంటాడు. ఇప్పుడే ఇచ్చెయ్యి,” అన్నాడు.

ఆమె ఇచ్చింది. ఇచ్చి, గది మెట్లమీదే కూలబడింది. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. వీధివాళ్ళను ముందే ఇంటికి పంపేసింది. లోపల ఆ మధ్యాహ్నం పురుగులు వేసినవాళ్ళు లేరు. పాలిచ్చే చుంచుకు ఆకలి ఇంకా ఎక్కువ. అగ్గిపుల్ల తలుపువైపు చూస్తూ ఉంది, గోళ్ళు కొరుకుతూ.

“నాకెందుకు చెప్పలేదే?” అంది అత్తయ్య.

“మీరు చప్పట్లు కొడుతుంటే ఏం చెప్పను?”

“చెబితే కొట్టేదాన్నా?”

కోడలు గోళ్ళు కొరకడం ఆపింది.

“మీ సారుకి చెప్పావు. ఆ డాక్టరుకి చెప్పావు. వాళ్ళకు ముందే తెలుసు. తెలియనిదాన్ని నేను, ఇంట్లో నీ ఎదురుగా కూర్చున్నాను. నాతో తలుపు పడిందన్నావు.” ముసలావిడ కళ్ళు ఎర్రబడ్డాయి. “నేనంటే అంత అలుసా నీకు? చెప్పినా అర్థంకాదనుకున్నావా?”

ఇన్నాళ్ళూ లోకంమీద మండిపడుతున్న అగ్గిపుల్లకు ఆ మంట తన మీదికే తిరిగింది. నిజమే. నవ్విన జనమందరిలో, చప్పట్లు కొట్టినవాళ్ళందరిలో ఒక్కరికైనా తను ఆ రోజు దాకా నోరు విప్పి చెప్పలేదు. అందర్నీ ఒకే గాటన కట్టి తిట్టుకుంటూ కూర్చుంది. మొదటిరోజే చెప్పి ఉంటే ఐదో పిల్ల ఉండేదేమో. ఆమె మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. అత్తయ్య ఊరుకోమనలేదు. ఆవిడకూ కోపం ఇంకా తీరలేదు.

పక్షుల వైపు మనిషి తాళం తీసి లోపలికి పోయాడు. పోయినంతసేపు పట్టలేదు బయటికి రావడానికి. ముక్కు మూసుకుని, పురుగుల డబ్బా చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని, డైరెక్టరు గదివైపు పరుగులాంటి నడకతో పోయాడు. కాసేపటికి టికెట్ల తమ్ముడు వచ్చి ఆమె ఒళ్ళో తాళంచెవి పడేశాడు.

“అతను తన వల్ల కాదన్నాడక్కా. కంపట, పురుగులు చేతిమీద పాకుతున్నాయిట. సారు ఇంకెవర్ని పిలిచినా రాలేదు. నిన్నే చూసుకోమన్నారు. గేటు దగ్గర ఊడవడం కూడా నువ్వే అన్నారు.”

“ఆటలు?”

“రేపటినుంచి మామూలేనన్నారు.”

“రేపు నేనూ వస్తానని చెప్పు మీ సారుకి,” అంది అత్తయ్య. “నాతోపాటు ఇంకొంతమంది వస్తారు. టికెట్టు కొనుక్కునే వస్తాం. ఆ స్టూలు అక్కడినుంచి తియ్యొద్దని చెప్పు.”

అగ్గిపుల్ల అప్పటికే లోపలుంది. మాంసం ముక్కను కత్తెరతో సన్నగా తరిగి, బతికున్న పురుగులు దోసిలితో తీసుకుని, పెట్టె పక్కనున్న చిన్న కంతలోంచి లోపలికి జారవిడిచింది. చాలాసేపు ఏమీ లేదు. ఆమె ఇంకో రెండు పురుగులు వేసింది. తర్వాత కంత దగ్గర పొడుగాటి ముక్కు ఒకటి ఆడింది. ఒక పురుగును లాక్కుంది. ఇంకోదాన్ని లాక్కుంది. లోపలినుంచి కరకర నమిలే చప్పుడు వచ్చింది.

అత్తయ్య వెనకనుంచి వచ్చి చెక్కకు చెవి ఆనించి విన్నది.

“నాలుగూ ఉన్నాయా?” అంది గుసగుసగా.

“ఏమో అత్తయ్యా. నిన్నటి ఆఖరి ఆటలో ఉన్నాయి. ఇప్పుడు తెలియాలంటే కప్పు ఎత్తి చూడాలి.”

ముసలావిడ ఆ హ్యాండిలు వైపు చూసింది. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది.

“వద్దులే,” అంది. “ఉన్నాయనే అనుకుందాం.”